జ్వరం లేదండీ

బాల్కనీలో తీగమీద బట్టలు ఆరేస్తుండగా లోపల భర్త ఫోను మోగింది. ఆమె నోట్లో ఒక క్లిప్పు, చేతిలో అతని యూనిఫాం చొక్కా. క్లిప్పు తీసి "వస్తున్నా" అనేలోపే మోత ఆగిపోయింది. కూతురు ఎత్తింది.

"నమస్కారమండీ. నాన్నకి రాత్రినుంచి జ్వరమండీ," అంటోంది. ఒక్క క్షణం ఆగింది. గొంతు కాస్త తగ్గించింది. "మాత్ర వేసుకున్నారు. ఇప్పుడే కునుకు పట్టింది. లేపమంటారా?"

ఆమె చేయి తీగ దగ్గరే ఆగిపోయింది. ఆ "లేపమంటారా" తనది. తాను కనిపెట్టిన మాట. జ్వరమొచ్చిన మనిషిని లేపమనడానికి ఎవరికీ నోరు రాదు. అవతలివాళ్ళే అయ్యో వద్దులెండి అని ఫోను పెట్టేస్తారు. ఆ మాటకి ముందు ఆగడం, గొంతు తగ్గించడం, పెట్టేసేముందు ఓ చిన్న నిట్టూర్పు, అన్నీ అచ్చుగుద్దినట్టు తనవే. వింటూండగానే ఆ నిట్టూర్పు కూడా వినబడింది.

చొక్కా కొసనుంచి నీళ్ళు ఆమె పాదాలమీద కారుతున్నాయి. లోపలికి తొంగి చూసింది. కూతురు ఫోను బల్లమీద బోర్లించి, సగం కొరికిన రొట్టె మళ్ళీ అందుకుని, పుస్తకంలో పేజీ తిప్పింది. మొహంలో ఏ మార్పూ లేదు. గుమ్మంలో చెప్పులు సర్దినంత మామూలుగా ఆ పని చేసేసి చదువులో పడింది. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆమెకి ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. ఈ పిల్లకి అదీ లేదు.

పడకగదిలో జ్వరం మనిషి గురక పెడుతున్నాడు.

అతను లిఫ్టు మెకానిక్కు. తాగి కొట్టడు, తిట్టడు. వచ్చిన చిక్కల్లా అదే. కొట్టే మనిషైతే ఆమె ఎప్పుడో అటో ఇటో తేల్చుకునేది. ఇతను తాగితే నవ్విస్తాడు. ఎదురింటివాళ్ళ గిన్నె పిడి ఊడితే బిగించి ఇస్తాడు. మెట్లమీద ఎవరు కనిపించినా ఆపి ఓ ముచ్చట చెబుతాడు. పాపం ఎంత మంచివాడో అంటారు చుట్టుపక్కలవాళ్ళు. ఆ "పాపం" ఎవరికి చెందుతుందో ఎవరూ చెప్పరు.

తడి చేతులతోనే వెళ్ళి మంచం కొసన నిలబడింది. దుప్పట్లోంచి పాదాలు బయటికొచ్చి ఉన్నాయి. నిన్న విప్పిన మేజోళ్ళ అంచు చీలమండ చుట్టూ గాడిలా దిగి ఇంకా పోలేదు. వేలితో నొక్కి చూసింది. గుంట పడి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. బొటనవేలి పక్కన చిన్న కోత, దానిమీద ఎండిన రక్తం. ఎక్కడ తెగిందో అతనికి తెలిసి ఉండదు. అరికాళ్ళు మొద్దుబారాయని, కాలినుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదని ఈమధ్యే నవ్వుతూ చెప్పాడు. తప్పంతా చెప్పులదేనని తేల్చేశాడు కూడా. భుజాలు, చేతులు చిక్కి సగమయ్యాయి. పొట్ట మాత్రం బనీనుని పైకి తోస్తోంది.

*

ఆమె పనిచేసేది పెద్ద కర్టెన్ల షాపులో. గుడ్డ కత్తిరించే బల్ల ఆమెది. అందుకని అందరూ మాస్టరమ్మా అంటారు. కుట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నా కత్తెర పెట్టేది ఒక్కరే, ఎందుకంటే కుట్టు విప్పొచ్చు గానీ కోత అతకదు. పెద్ద ఆకుల డిజైను గుడ్డలతో మరీ కష్టం. ఒక తెరలో ఆకు ఎక్కడ తెగిందో పక్కతెరలో అక్కడే అందుకోవాలి. లేకపోతే తెరలు దగ్గరికి లాగినప్పుడల్లా ఇంటివాళ్ళ కళ్ళు అక్కడే పడతాయి.

ఆ రోజు ఆమె గుడ్డ పరిచింది, సుద్దతో గీసింది, కత్తెర నడిపింది. రెండో తెర ఎత్తి మొదటిదాని పక్కన పట్టుకుంటే ఆకులన్నీ తలకిందులుగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. షాపు యజమానురాలు చూసి, కోప్పడకపోగా నవ్వేసి, ఈ ఇంటివాళ్ళు శీర్షాసనం వేసుకుని చూడాలేమో మాస్టరమ్మా అంది. ఒంట్లో బాగోలేదా అని కూడా అడిగింది.

"తలనొప్పిగా ఉంది," అంది ఆమె.

తలనొప్పి లేదు. ఆ మాట తాను అనుకోకముందే నోట్లోంచి వచ్చేసింది, కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చినట్టు. కుట్టుమిషన్ల చప్పుడు మధ్య, తలకిందులైన ఆకులు చేతిలో పట్టుకుని, పొద్దున కూతురు మొహం అంత మామూలుగా ఎందుకుందో ఆమెకి అర్థమైంది.

సాయంత్రం గిన్నెలు కడుగుతూ, పక్కన నిలబడి తుడుస్తున్న కూతుర్ని అడిగింది, ఫోనులో అలా మాట్లాడమని ఎవరు నేర్పారని.

"నేర్పడమేంటమ్మా. రోజూ వింటున్నదేగా," అంది కూతురు.

దెప్పిపొడుపు లేదు ఆ మాటలో. తర్వాత, అడక్కుండానే మిగతావి కూడా చెప్పింది. స్కూల్లో పిలిచినప్పుడు నాన్న రాకపోతే ఊళ్ళు తిరిగే ఉద్యోగమని చెబుతుందట. స్నేహితులు ఇంటికొస్తామంటే అమ్మమ్మకి బాగోలేదని, మంచంమీద ఉందని చెబుతుందట.

"అమ్మమ్మ పోయి ఎన్నేళ్ళయిందే."

"వాళ్ళకి తెలీదుగా."

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే కళ్ళు మండాయి. రేపటినుంచి నాన్న ఫోను నువ్వు ఎత్తకు అంది. కూతురు గరిటె తుడిచి గూట్లో పెట్టి, కాస్త ఆలోచించి అడిగింది. "నువ్వెత్తి అదే చెబుతావు కదా, ఇక తేడా ఏముంది?"

ఆమె చేతిలో గిన్నె చాలాసేపు తోముతూనే ఉండిపోయింది.

భర్త అప్పుడే హాల్లో కూర్చుని గ్లాసు ముందు పెట్టుకున్నాడు. మాట్లాడితే వినబడే వేళ అది. ఇంకాస్త గడిస్తే వినడు. చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. సీసాలు దాచనని, పారబొయ్యనని, మానమని బతిమాలనని చెప్పింది. అవన్నీ చేసి చేసి అలిసిపోయానంది. కాకపోతే ఇక మీకోసం ఒక్క అబద్ధం కూడా చెప్పను, పిల్లచేత చెప్పించను అంది.

అతను శ్రద్ధగా విన్నాడు. "అంటే ఇంట్లో కోర్టు పెడుతున్నావన్నమాట. బోను ఎక్కడ పెడదాం, ఫ్రిజ్ పక్కనా?" అన్నాడు. మామూలుగా అయితే ఆమె పెదవి కొరుక్కుని లోపల నవ్వుకునేది. ఈసారి నవ్వకపోయేసరికి అతను టీవీ వైపు తిరిగాడు.

*

మర్నాడు పొద్దున అతను లేవబోయాడు. లేచి నిలబడ్డాడు కూడా. గోడ పట్టుకుని రెండడుగులు వేశాక చేతులు వణకడం మొదలైంది. అల్మారా వెనకనుంచి సీసా తీసి గుటక వేస్తే గానీ వణుకు తగ్గదు. ఒక గుటకతో తగ్గలేదు, ఇంకొకటి వేశాడు. ఆ తర్వాత మళ్ళీ మంచం ఎక్కి, ఫోనొస్తే చూసుకో అన్నాడు. రాత్రి మాట అతనికి గుర్తులేదో, గుర్తుండీ లెక్కచెయ్యలేదో ఆమెకి తెలీలేదు.

ఫోను మోగింది. సూపర్‌వైజరు. కూతురు స్కూలు బ్యాగు పట్టీ బిగించుకుంటూ అక్కడే నిలబడింది. ఆమె ఫోను ఎత్తి, పడకగది తలుపు మూయకుండానే మాట్లాడింది.

"జ్వరం లేదండీ. నిన్న కూడా లేదు. తాగి పడుకున్నారు."

ఆగకుండా ఆమె ఇంకో మాట కూడా అంది. "పొద్దున్నే తాగారు. వస్తానన్నా ఇవాళ పనిలోకి రానివ్వకండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. కోపగించుకోలేదు. ఇంట్లో మీరూ పాపా బాగానే ఉన్నారా అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఆమె సిద్ధంగా లేదు. బాగానే ఉన్నామండీ అనబోయి ఆగింది. అదీ అబద్ధమే అవుతుంది. "ఉన్నాం," అంది. ఆయన ఆలోచించి చెబుతానని పెట్టేశాడు.

కూతురు గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, తల్లి భుజంమీద అంటుకున్న దారప్పోగు ఒకటి తీసి, వేళ్ళమధ్య ఉండచుట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

భర్త మంచంమీద లేచి కూర్చుని ఉన్నాడు. అతని మొహం తెల్లగా పాలిపోయింది. "నా పొట్టమీద కొట్టావు," అన్నాడు. అరవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుని పనికి వెళ్ళిపోయింది. షాపులో బల్లమీద కొత్త గుడ్డ పరిచింది. నిన్న చెడిన తెరని మళ్ళీ కత్తిరించి పక్కపక్కన పట్టుకుంటే, ఆకు ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో ఆమెకే కనబడలేదు.

*

సాయంత్రం బక్కయ్య వచ్చాడు. భర్తతో జంటగా పనిచేసే మనిషి. లిఫ్టు గదిలో ఇతనొక్కడు ఎక్కితే చాలు బరువెక్కువైందని గంట మోగుతుందని తోటివాళ్ళు ఏడిపిస్తారు. బక్కయ్య అని పేరు పెట్టింది ఆమె భర్తే. కుర్చీ కిర్రుమంది. టీ వద్దన్నాడు. కాసేపు తన మోకాళ్ళవైపు చూసుకుంటూ కూర్చున్నాడు. తగువుకి వచ్చాడనుకుంది ఆమె. అన్న ఉద్యోగానికి ఎసరు పెట్టావేంటి వదినా అంటాడని, ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటోంది.

"అన్నయ్యేడి?" అన్నాడు.

ఆమె పడకగది వైపు చూపించింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల గ్లాసు చప్పుడు వినబడుతోంది.

"పోనీలే, విననీ. వదినా, నువ్వు సూపర్‌వైజరుగారికి నిజం చెప్పేసరికి నాకు సిగ్గేసింది. నేనూ చాలా కాలంనుంచి అబద్ధమే చెబుతున్నాను. అన్నని బ్రేకు ముట్టనివ్వడం లేదు. లిఫ్టు నెత్తిమీదకి ఎక్కనివ్వడం లేదు. సంచి ఇచ్చి కింద నిలబెడుతున్నాను. పనంతా నేను చేసి ఇద్దరం చేశామని చెబుతున్నాను. స్నేహం కదా, ఇదేం పెద్ద సాయం అనుకున్నాను."

ఆగి, మొహం తుడుచుకున్నాడు. పోయిన వారం సంగతి అప్పుడు చెప్పాడు. ఒక అపార్ట్‌మెంటులో తలుపు సరిగా పడటం లేదంటే వెళ్ళారు. అలాంటప్పుడు తలుపు తాళం దగ్గర ఓ వైరుముక్క కలిపి, తలుపు మూసుకున్నట్టు లిఫ్టుని నమ్మించి పరీక్ష చేస్తారు. పనయ్యాక ఆ ముక్క తీసేయాలి. తీయకపోతే తలుపు తెరిచే ఉన్నా లిఫ్టు కదిలిపోతుంది. బక్కయ్య పైన మోటారు చూస్తున్నాడు. ఇదొక్కటీ చిన్న పనేగా అని అన్నకి వదిలేశాడు. కింద వైరు కలిపింది, తీసేశానని చెప్పిందీ అన్నే. సామాను సర్దుకుని రోడ్డుదాకా వచ్చేశాక ఎందుకో మనసు ఊరుకోక, బక్కయ్య వెనక్కి వెళ్ళి పెట్టె తెరిచి చూశాడు. వైరుముక్క అలాగే ఉంది.

"అప్పుడే ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని లిఫ్టు దగ్గరకొచ్చింది. ఒక్క నిమిషం ఆగండమ్మా అన్నాను. ఆవిడ విసుక్కుంది కూడా. ఆ విసుగు రోజూ గుర్తొస్తోంది వదినా. రేపు సూపర్‌వైజరుగారికి అంతా చెప్పేస్తాను. ముందు ఇక్కడ చెప్పి వెళ్దామని వచ్చాను."

పడకగది తలుపు తెరుచుకుంది. అతను ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"నేను తీశాను," అన్నాడు.

"లేదన్నా."

"తీశాన్రా. నా చేత్తో తీసి జేబులో వేసుకున్నాను."

బక్కయ్య తల అడ్డంగా ఊపాడు. అతను బక్కయ్య మొహంవంక చాలాసేపు చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. ఆగిపోయిన యంత్రం ముందు నిలబడి, లోపం ఎక్కడుందో వెతికేటప్పటి చూపు అది. వెతుకుతూ వెతుకుతూ ఎక్కడో ఆగింది. అతను నెమ్మదిగా గోడకి జారగిలబడి నేలమీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన చేతిమీదుగా ఒక్క ప్రమాదం జరగలేదని పదిమందిలో చెప్పుకునే మనిషి. తాగినప్పుడు కూడా ఆ మాట చెప్పుకోకుండా ఉండడు.

ఆ సాయంత్రం మిగిలిన సీసా అతనే సింకులో పోశాడు. ఆమె చూస్తూ ఊరుకుంది. అలా పోయడం ఇదివరకు కూడా చూసింది.

*

మర్నాడు అతను చుక్క ముట్టుకోలేదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా సగం ఒలికింది. మధ్యాహ్నానికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. వాంతులయ్యాయి. తగ్గిపోతుందిలే అన్నాడు. ఆమె షాపుకి సెలవు చెప్పింది, ఉన్నదున్నట్టు, భర్త తాగుడు మానేస్తున్నాడు, ఇంట్లో ఉండాలి అని. యజమానురాలు ఒక్క క్షణం తడబడి, తన అన్నయ్య కూడా అలాగే మంచాన పడ్డాడని, ఊరికే చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పింది. ఇన్నేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తూ ఆ అన్నయ్య సంగతి ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆసుపత్రి అంటే అతను ఒప్పుకోలేదు. మానడానికి మందులెందుకు, మనసుంటే చాలన్నాడు. తెల్లవారి చూసేసరికి గోడమీద పురుగులు పాకుతున్నాయని చేత్తో దులుపుతున్నాడు. గోడమీద ఏమీ లేదు. కూతురు గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం చూసి, ఎవర్నీ అడక్కుండా కిందికి పరిగెత్తి టాక్సీ ఆపుకొచ్చింది. తల్లీకూతుళ్ళు చెరో పక్క పట్టుకుని దింపారు. మెట్లమీద ఎదురైన ఎదురింటాయన ఏమైందని అడిగితే, కూతురే జవాబు చెప్పింది.

"తాగుడువల్ల. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. కొంచెం ఆ గేటు తెరుస్తారా?"

ముందు సూదిమందులిచ్చారు. వణుకు కాస్త అణిగాక, మాట నిలకడగా వస్తోందని చూసుకుని, డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. వయసులో చిన్నదే. ఇన్నేళ్ళ అలవాటుని ఒక్కసారిగా, ఇంట్లో ఒంటరిగా ఆపడం ప్రమాదమని, ఫిట్లు వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారని, ఇక్కడ మందులతో నిదానంగా దింపుతామని చెప్పింది. తర్వాత, రోజుకి ఎంత తాగుతారని అడిగింది.

అతను భార్యవైపు చూశాడు. ఎప్పుడూ అంతే. ఇలాంటి ప్రశ్నలకి ఆమే జవాబు చెప్పేది. అప్పుడప్పుడండీ, పండగో పబ్బమో, స్నేహితులు బలవంతపెడితే. ఆ మాటలన్నీ నాలుక చివర వరసగా నిలబడ్డాయి. ఆమె పళ్ళు బిగించి, కిటికీకి వేలాడుతున్న పాత తెర వైపు చూపు తిప్పుకుంది. అంచు కుట్టు వంకరగా ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది.

చాలాసేపటికి అతని గొంతు వినబడింది.

"పొద్దున లేవగానే మొదలండీ. పళ్ళు తోమకముందే."

డాక్టరమ్మ తల ఊపింది. అతను ఆగలేదు. ఏ బిల్డింగులో పైన మోటారు గదిలో ఎక్కడ సీసా దాచుకునేవాడో చెప్పాడు. టీ ఫ్లాస్కులో టీ ఉండేది కాదని చెప్పాడు. నల్లగా విరేచనం అయిన సంగతి ఇంట్లో చెప్పకుండా దాచానన్నాడు. ఆమెకి వీటిలో సగం తెలీదు. తాను కాపలా కాస్తున్నాననుకున్న ఇంటికి అన్ని దొడ్డిదారులు ఉన్నాయని తెలీదు. చివరికి అతను కళ్ళు మూసుకుని, పిల్లని ఈతకి బండిమీద తీసుకెళ్ళి తెచ్చేవాణ్ణి, అప్పుడు కూడా తాగే ఉండేవాణ్ణి అన్నాడు.

గోడకి ఆనుకుని నిలబడ్డ కూతురు మెల్లగా తలుపు తీసుకుని బయటికెళ్ళిపోయింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఆమెని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. కాలేయం వాచింది, కళ్ళు పచ్చబడటం అందుకే. అక్కడక్కడ మచ్చ కట్టడం మొదలైంది గానీ అంతా గట్టిపడిపోలేదు. కడుపులో పుండు ఉంది, రక్తపోటు ఎక్కువగా ఉంది. అరికాళ్ళ మొద్దుకి చెప్పులు కారణం కాదు, నరాలు దెబ్బతిన్నాయి. అది పూర్తిగా పోకపోవచ్చు, తగ్గొచ్చు. కాలేయం మాత్రం మంచి మనసున్న అవయవం, ఇప్పుడు మానేస్తే చాలావరకు కోలుకుంటుంది అంది. మానకపోతే అనబోయి, ఆమె మొహం చూసి ఆ వాక్యం పూర్తిచెయ్యలేదు. పూర్తిచెయ్యక్కర్లేకపోయింది.

*

కూతురు ఆసుపత్రికి రావడం మానేసింది. పొద్దున డబ్బా సర్ది ఇస్తుంది, నాన్న ఎలా ఉన్నాడని అడుగుతుంది, చెప్పింది వింటుంది. రాదు. ఆమె రమ్మనలేదు. అతనూ అడగలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూడటం మాత్రం మానలేదు.

ఈలోగా బక్కయ్య వచ్చాడు. సూపర్‌వైజరు అంతా విన్నాడట. బక్కయ్యకి బాగానే చీవాట్లు పడ్డాయి. అన్నకి ప్రస్తుతానికి లిఫ్టు పని లేదు. వైద్యం పూర్తయ్యాక స్టోరు రూములో కూర్చోవాలి. డాక్టరు రాసిస్తే ఆ తర్వాతి సంగతి తర్వాత. స్టోరు రూమంటే అతను మొహం మాడ్చుకుంటాడేమో అనుకుంది ఆమె. అతను కాసేపు పైకప్పు చూసి, "బోల్టులు లెక్కపెట్టుకోవడానికి చేతులు వణక్కుండా ఉంటే చాలు," అన్నాడు. ఆ ఆసుపత్రిలోనే తాగుడు మానేసినవాళ్ళు వారం వారం కలుసుకుంటారని, తాను తోడొస్తానని బక్కయ్య చెప్పాడు. నువ్వెందుకు, నువ్వు తాగవుగా అంటే, నేను అబద్ధాలు మానడానికి అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ గదిలో ముగ్గురూ కలిసి నవ్వారు.

ఇంకో రెండు రోజులకి, మధ్యాహ్నం, కూతురు వచ్చింది. స్కూలు బట్టల్లోనే వచ్చింది. మంచానికి దూరంగా నిలబడి తండ్రిని పరీక్షగా చూసింది. కళ్ళలో పచ్చదనం కాస్త తగ్గింది. గడ్డం గీసుకున్నాడు, ఒకచోట తెగింది. ఎదురుగా పళ్ళెంలో సగం తిన్న భోజనం ఉంది. అతను గబగబా లేచి కూర్చుని, దొరసానిగారు వచ్చారే అనబోయి మానేశాడు.

"ఇక ఎప్పుడూ ముట్టుకోనమ్మా. ఒట్టు," అన్నాడు.

"ఒట్టు వద్దు నాన్నా," అంది కూతురు. "చాలా అయిపోయాయి."

అతను దెబ్బ తిన్నట్టు చూశాడు. ఆమె మధ్యలో కలగజేసుకోబోయింది, ఏదో ఒకటి అని ఇద్దర్నీ సర్దిచెప్పాలని. అలవాటు. మంచినీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకుని ఊరుకుంది.

"అయితే నిజం చెప్పనా?" అన్నాడు అతను చివరికి. "భయంగా ఉంది. ఇక్కడ దొరకదు కాబట్టి మానాను. ఇంటికొస్తే ప్రతి సందులోనూ ఉంటుంది. వెళ్ళనని నామీద నాకే నమ్మకం లేదు."

కూతురు మూలనున్న కుర్చీ ఈడ్చుకొచ్చి మంచం పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇది డాక్టరమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు. వస్తుందిగా ఇప్పుడు, నేనూ ఉంటాను. బండి సంగతి మాత్రం నేనింకా మర్చిపోలేదు."

"మర్చిపోవద్దు," అన్నాడు అతను.

కూతురు పళ్ళెం అతని ముందుకి జరిపింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పిల్ల బ్యాగులోంచి పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది గానీ తెరవలేదు. నువ్వు ఇంటికెళ్ళి కాస్త పడుకోమ్మా, సాయంత్రం దాకా నేను చూసుకుంటాను అని తల్లితో చెప్పింది. ఫర్వాలేదు, నాకేం నిద్ర రావడం లేదు అనడానికి ఆమె అలవాటుగా నోరు తెరిచి, ఆగింది.

"అలిసిపోయాను," అంది. "వెళ్తాను."

ఆసుపత్రి బయట ఎండ కళ్ళలో గుచ్చుకుంది. బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది. చేతిలోని ఖాళీ డబ్బాల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇంటికెళ్ళి ముందు బట్టలు నానబెట్టాలా, వంట చెయ్యాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది. ఆ ఆలోచన పూర్తవలేదు. తల కిటికీ అద్దానికి ఆనింది. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరెక్కి ఎవరు దిగారో ఆమెకి తెలీదు.

ఎవరో అమ్మా అమ్మా అని పిలుస్తుంటే కళ్ళు తెరిచింది. డ్రైవరు. బస్సులో ఎవరూ లేరు. బయట తానెప్పుడూ చూడని ఒక మైదానం, వరసగా నిలబెట్టిన బస్సులు.

"ఇదే ఆఖరు స్టాపమ్మా. మీరెక్కడ దిగాలి?"

చెప్పింది. అది ఎప్పుడో దాటిపోయింది, లేపుదామంటే మరీ గాఢంగా నిద్రపోతున్నారు అన్నాడు అతను, తనదే తప్పన్నట్టు. ఆమెకి కంగారు రాలేదు. అద్దం నొక్కుకుని చెంపమీద గీత పడినట్టుంది. చేత్తో తడుముకుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళే బస్సు ఏదని అడిగింది.

"ఇదేనమ్మా. టీ తాగొచ్చి తీస్తాను. కూర్చోండి."

అతను దిగి వెళ్ళాడు. ఆమె సంచిని పక్కసీటులోకి జరిపి, కాళ్ళు ముందుకి చాపుకుని, ఈసారి కావాలనే కళ్ళు మూసుకుంది.